"కల్చర్ ఫిట్ కాదేమో": ఒక లాటరల్ కన్సల్టెంట్ కేసు

డిసెంబర్‌లో మా ఆఫీసులో మధ్యంతర సమీక్ష ఉంటుంది. ఆరుగురు సీనియర్లం ఒక గదిలో కూర్చుంటాం. స్క్రీన్ మీద ఒక్కో పేరు వస్తుంది. మూడు నాలుగు నిమిషాలు మాట్లాడి, ఒక అంకె వేసి, తర్వాతి పేరుకు వెళ్తాం. ఆ రోజు ఒక పేరు దగ్గర ఎవరికీ మాట దొరకలేదు. ఆయన లాటరల్, అంటే కాలేజీ నుంచి కాక వేరే ఉద్యోగం నుంచి మధ్యలో వచ్చినవాడు. చేరి నాలుగు నెలలైంది. పని తప్పుగా చేశాడని ఎవరూ అనలేదు, బాగా చేశాడనీ అనలేదు. చివరికి ఒకాయన, "మనిషి మంచివాడే. కల్చర్ ఫిట్ కాదేమో" అన్నాడు, మా సంస్థ తీరులో ఇమడడేమోనని. అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఆయనకు కౌన్సెలర్‌ని నేనే.

కన్సల్టింగ్‌లో, అంటే వేరే సంస్థలకు సలహాలిచ్చే మా పనిలో, కౌన్సెలర్ అంటే మానసిక వైద్యురాలు కాదు. రోజువారీ పని చూసే మేనేజర్ ఒకరుంటారు. ఎదుగుదల, రేటింగ్, తర్వాతి ప్రాజెక్టు లాంటివి చూడటానికి ఇంకో సీనియర్ ఉంటారు, ఆ రెండోవారే కౌన్సెలర్. ఈ కేసులో రెండు పాత్రలూ నావే అయ్యాయి. అలా కాకూడదు, కానీ మనుషులు చాలక అలాగే నడిచింది. దానివల్ల ఏం జరిగిందో కింద చెబుతాను. ఇది రాసే ముందు ఆయనకు చూపించాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, ఆయన రెండు చోట్ల దిద్దాడు. ఒకటి లెక్కల తప్పు, రెండోది నా జ్ఞాపకం తప్పు.

ఆయన, మేము, ప్రాజెక్టు

వయసు 37. ఊరు తెనాలి పక్కన. సీఏ ఇంటర్ పూర్తయ్యాక ఫైనల్ దగ్గర ఆగిపోయారు. గుంటూరులో ఒక చిన్న ఆడిట్ సంస్థలో పదకొండేళ్లు పనిచేశారు. అందులో ఎక్కువ కాలం ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల ఆడిట్లే, అంటే ఊళ్లో జనం 'సొసైటీ' అనేవే. భార్య టీచర్, కొడుకు అయిదో తరగతి. వాళ్లు ఊళ్లోనే ఉండిపోయారు. ఆయన గచ్చిబౌలిలో ఒక పీజీలో, ఇరవై నాలుగేళ్ల కుర్రాళ్లతో గది పంచుకున్నారు.

మేం ఆయన్ను తీసుకున్నది సొసైటీల మీద పని వచ్చిందని. 2022 జూన్‌లో కేంద్రం 63,000 సొసైటీలను కంప్యూటరీకరించడానికి 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. లెక్కలు పుస్తకాల్లోంచి కంప్యూటర్లోకి వస్తే, వాటి మీద విశ్లేషణ అడిగేవాళ్లూ వస్తారు. మా క్లయింట్ అలాంటివాళ్లే. కొన్ని మండలాల్లో పంట రుణాల పంపిణీ, వసూళ్ల తీరు చూసి, బాగా వసూలు చేసే సొసైటీలకు ప్రోత్సాహకం ఎలా ఇవ్వాలో చెప్పమన్నారు.

టీమ్‌లో ఆయనతో కలిపి అయిదుగురు. మిగతా నలుగురూ క్యాంపస్ నుంచి నేరుగా వచ్చినవాళ్లే. ఈ సంగతి చిన్నదేం కాదు. కన్సల్టింగ్ సంస్థలు గోపురంలా ఉంటాయి. కింద కాలేజీల నుంచి వచ్చిన గుంపు, ఏటేటా కొందరు పైకి, మిగిలినవాళ్లు బయటికి. పైకెక్కు లేదా బయటికి నడువు అనే ఈ పద్ధతిని కన్సల్టింగ్‌లోకి మెకిన్సీ అనే పెద్ద సంస్థ 1950ల్లో తెచ్చింది, తర్వాత చాలా సంస్థలు ఏదో ఒక రూపంలో తీసుకున్నాయి. క్యాంపస్ నుంచి వచ్చినవాళ్లకు ఒక బ్యాచ్ ఉంటుంది. కలిసి ట్రైనింగ్ అయి, కలిసి తిట్లు తిని ఉంటారు. మధ్యలో వచ్చిన లాటరల్‌కు బ్యాచ్ ఉండదు. ముప్పై ఏడేళ్ల వయసులో, ఆడిట్ పని నుంచి, గుంటూరు నుంచి వస్తే అసలే ఉండదు.

నేను చూసింది, చూశాననుకున్నది

మా దగ్గర అందరికంటే పై మెట్టున ఉండే పార్ట్‌నర్‌నైనా పేరు పెట్టే పిలవాలి. సర్, మేడం వద్దని చేరిన రోజే చెబుతారు. అందరూ సమానమని పెట్టిన నియమం, ఆ ఉద్దేశంతో నాకు పేచీ లేదు. కానీ పదకొండేళ్లు 'సర్' అన్న నోరు ఒక్క రోజులో తిరగదు. పైగా అదే నియమం ప్రకారం ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఆయన్ను 'గారు' లేకుండా ఉత్త పేరుతో పిలుస్తాడు. ఇంగ్లిష్‌లో ఉన్నంతసేపూ అది మామూలే. క్యాంటీన్‌లో మాట తెలుగులోకి మారగానే అదే పిలుపు చెవికి వేరుగా తగులుతుంది. రెండో వారంలో ఒక కాల్‌లో ఆయన పార్ట్‌నర్‌కు "గుడ్ మార్నింగ్ సర్" అన్నారు. మ్యూట్ చేసుకోని ఎవరో నవ్వారు. చాలా చిన్న నవ్వు. ఆ తర్వాత ఆయన కాల్స్‌లో నోరు విప్పడం నాకు గుర్తులేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకే డబ్బా తెరిచి తినేసేవారు. మిగతావాళ్లు ఒకటిన్నరకు కిందికి వెళ్లేవారు. శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఫన్ ఫ్రైడే. అంత్యాక్షరి, క్విజ్, పిజ్జా. ఆయన ఒక్కసారీ ఉండలేదు. "కలవడు" అన్న మాట అక్కడే పుట్టింది. నాకు కూడా అదే అనిపించింది.

కారణం తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. శుక్రవారం ఆయన నాలుగున్నరకు బయల్దేరి, రాయదుర్గంలో మెట్రో ఎక్కి, సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి, స్టేషన్‌కు పరిగెత్తి రైలు పట్టుకోవాలి. లేకపోతే ఆ రాత్రికి ఇంటికి చేరలేరు. టీమ్ దగ్గరవ్వాలని మేం పెట్టుకున్న ఒక్క గంటా సరిగ్గా ఆయన రైలు వేళ. ఆ విషయం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ముందు చేసిన పనికిరాని పనులు

మొదట ఒక బడ్డీని, అంటే తోడుగా ఉండి అన్నీ చెప్పే సహోద్యోగిని పెట్టాను. వాళ్లిద్దరూ రెండుసార్లు కాఫీ తాగారు, అంతే. తర్వాత ఇంగ్లిష్ కమ్యూనికేషన్ కోర్సుకు పంపాను, మూడు పూటలు. ఇప్పుడు తలుచుకుంటే ఇదే ఎక్కువ సిగ్గనిపిస్తుంది. ఆయన ఇంగ్లిష్ ఈమెయిళ్లు మా అందరికంటే శుభ్రంగా ఉంటాయి, ఆడిట్ రిపోర్టులు రాసిన చేయి. మాట్లాడని మనిషికి భాష రాదనుకున్నాను.

మూడోది కాస్త ఆలోచించి చేసిందే. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. కాలేజీలో కొత్తగా చేరినవాళ్లకు సీనియర్ల అనుభవాలు చదివించారు: మొదట్లో ఇక్కడ నాకు చోటు లేదనిపించడం అందరికీ జరిగేదే, కాలంతో పోతుంది అని. అంతా కలిపి గంట పని. నల్లజాతి విద్యార్థుల మార్కుల మీద దాని ప్రభావం మూడేళ్లు కనిపించింది. అది గుర్తొచ్చి, మా సీనియర్ మేనేజర్ ఒకరిని ఆయనతో కూర్చోబెట్టి తన మొదటి ఏడాది గురించి చెప్పమన్నాను. ఆ మేనేజర్ బాగానే చెప్పాడు. మా లాటరల్ మర్యాదగా విన్నారు. తర్వాత నాతో, "ఆయనది ఐఐఎం కదా మేడం" అన్నారు.

ఆ ఒక్క వాక్యంలో నా పొరపాటు నాకు తెలిసింది. తనలాంటివాడు చెబితే ఆ మాట తగులుతుంది. తనలాంటివాడు మా ఆఫీసులో ఒక్కడూ లేడు.

పెన్సిల్ రాత

జనవరిలో ఒక సాయంత్రం ప్రింటర్ ట్రేలోంచి నా కాగితాలనుకుని ఆయనవి తీసుకొచ్చాను. మా డెక్ (క్లయింట్‌కు చూపే స్లైడ్ల కట్ట) ప్రింటే, ఆయన తెరమీద చదవరు. పద్నాలుగో స్లైడ్‌లో నెలవారీ వసూళ్ల బార్లు. పదకొండు నెలలు పొట్టిగా ఉండి, మార్చి ఒక్కటే తాటిచెట్టులా నిలబడింది. గడువు దగ్గరపడగానే రైతులు క్రమశిక్షణతో కడుతున్నారని పైన ఇంగ్లిష్‌లో శీర్షిక. ఆ బార్ పక్కన పెన్సిల్‌తో, తెలుగులో, రెండు ముక్కలు: "వసూలు కాదు. తిరగరాత."

పల్లెటూరి సంబంధం ఉన్నవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. మూడేళ్లకు కాలదోషం పడుతుందని ప్రోనోటు తిరగరాసుకున్నట్టే ఇదీ. 3 లక్షల వరకు పంట రుణం మీద వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే కేంద్రం ఇచ్చే మరో 3 శాతం రాయితీతో 4 శాతానికి దిగుతుంది. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. చేతిలో అసలు లేని రైతు ఏం చేస్తాడు? వడ్డీ తెచ్చి కడతాడు. పాత అప్పు తీరినట్టు రసీదు, అదే రోజు కొత్త అప్పు ఇచ్చినట్టు వోచర్. బుక్ అడ్జస్ట్‌మెంట్. పుస్తకంలో వసూలు కనిపిస్తుంది, పైసా చేతులు మారదు. మేం ఆ తాటిచెట్టును చూసి దానికి ప్రోత్సాహకం కట్టబోతున్నాం.

మర్నాడు ఆయన్ను అడిగాను, ఇది ఎప్పటినుంచి తెలుసని.

"మొదటి వారంలోనే తెలిసింది మేడం. డేటాలో రసీదులు, వోచర్లు ఒకే తేదీన జంటలు జంటలుగా ఉన్నాయి."

"మరి చెప్పలేదేం?"

కాసేపు ఊరుకుని అన్నారు: "ఆ అమ్మాయి మూడు వారాలు కష్టపడింది ఆ స్లైడ్ మీద. అందరి ముందు తప్పని ఎలా అంటాను? ఆడిట్‌లో అయితే అభ్యంతరాన్ని పేరాగా రాసిస్తాం. సమాధానం వాళ్లు రాసిస్తారు. ఎవరి మొహం చూడక్కర్లేదు."

ఈ కేసులో నేను నేర్చుకున్నది దాదాపు అంతా ఆ జవాబులోనే ఉంది. ఆయన పాత ఉద్యోగంలో 'ఇది తప్పు' అనడానికి ఒక పద్ధతి ఉండేది. మా దగ్గర అదంతా మీటింగ్‌లో జరగాలి. ఎదుటివాళ్ల వాక్యం పూర్తికాకముందే దూరి, ఒక్క నిమిషంలో, నవ్వుతూ చెప్పాలి. దాన్ని మేం స్వేచ్ఛగా మాట్లాడే కల్చర్ అని గొప్పగా చెప్పుకుంటాం. అందులో మాట్లాడగలిగేది కాలేజీలో గ్రూప్ డిస్కషన్లు ఆడి వచ్చినవాళ్లే.

పేరాల షీటు

ఆయన్నే అడిగాను, ఆ పద్ధతి ఇక్కడికి ఎలా తేవాలో చెప్పమని. రాత్రికి ఒక ఎక్సెల్ షీటు పంపారు. పేరా నంబరు, స్లైడ్ నంబరు, అభ్యంతరం, ఆధారం, సమాధానం చెప్పాల్సినవారు, తేలిందా లేదా. తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా రాయొచ్చు. ప్రతి సమీక్షకు ముందురోజు సాయంత్రం లోగా ఎవరైనా ఏ స్లైడ్ మీదైనా పేరా వేయొచ్చు. స్లైడ్ చేసినవాళ్లు రాతలోనే జవాబివ్వాలి. తేలనివే మీటింగ్‌కు వస్తాయి.

మొదటి వారం 31 పేరాలు పడ్డాయి. 19 ఆయనవే. పార్ట్‌నర్ కంగారుపడ్డాడు, "ఇన్ని తప్పులా? క్లయింట్ దగ్గరికి ఎలా వెళ్తాం?" అని. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి టీమ్‌లలోనే పొరపాట్లు ఎక్కువ నమోదై ఉన్నాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, దాచకుండా చెబుతున్నారని ఆమె తేల్చింది. 1999లో రాసిన వ్యాసంతో 'సైకలాజికల్ సేఫ్టీ' (తప్పు బయటికి చెప్పినా ఏమీ కాదన్న భరోసా) అన్న మాటను అందరికీ తెలిసేలా చేసింది కూడా ఆమే. అది చెప్పాను. పార్ట్‌నర్ నమ్మాడో లేదో తెలియదు, రెండు వారాలు గడువిచ్చాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మిగతా 12 పేరాలు ఎవరివి? నలుగురిలో ముగ్గురివి. గ్రూప్ డిస్కషన్లలో ఆరితేరారని నేననుకున్న పిల్లల్లోనూ నోట్లో మాట మింగుతున్నవాళ్లున్నారు.

సొసైటీకి వెళ్లిన రోజు

పద్నాలుగో స్లైడ్ తేల్చుకోవడానికి అందరం కలిసి కృష్ణా డెల్టాలో ఒక సొసైటీకి వెళ్లాం. దారి, ఏర్పాట్లు, ఎవరితో ఎలా మాట్లాడాలి, అన్నీ ఆయనే చూసుకున్నారు. కారులో పిల్లలకు ఒకటే చెప్పారు: "ల్యాప్‌టాప్ బయటికి తీయొద్దు. తీస్తే ఎంక్వైరీ అనుకుంటారు."

గోడౌన్‌లో యూరియా బస్తాల వాసన, పాత ఫ్యాన్ చప్పుడు. సెక్రటరీ మొదట బిగుసుకుని కూర్చున్నాడు. ఈయన వెళ్లి ఆయన పక్క కుర్చీలో కూర్చుని, ఈసారి వరి రేటు గురించి, డ్రెయిన్ పూడిక గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడారు. మా టీమ్ అమ్మాయి మధ్యలో రెండుసార్లు వాచీ చూసుకుంది. అప్పుడు క్యాష్ బుక్ తెప్పించి, మార్చి చివరి వారం పేజీ తిప్పి, "ఈ రోజు ఇంత క్యాష్ వచ్చిందంటే బీరువా చాలదేమో సెక్రటరీ గారూ" అన్నారు. సెక్రటరీ పకపకా నవ్వాడు. ఆ నవ్వు తర్వాత గంటసేపు ఆయన చెప్పిందంతా మా డేటాలో ఎక్కడా లేదు. ఏ రైతు నిజంగా కడతాడు, ఎవరిది తిరగరాత, ఏ ఏడాది వానలు పోతే అసలు ఎలా పేరుకుంటుంది.

తిరుగు ప్రయాణంలో టీమ్‌లో హైదరాబాద్ కుర్రాడు వెనక సీట్లోంచి, "అన్నా, మరి క్యాష్‌గా కట్టినవి డేటాలో ఎట్లా పట్టుకోవాలె?" అన్నాడు. 'అన్నా' అని ఎవరూ చెప్పి అనిపించలేదు. ఆయన వెనక్కి తిరిగి, విజయవాడ దాటేదాకా అదే చెబుతూ ఉన్నారు: అదే తేదీన అదే సభ్యుడి పేరు మీద కొత్త వోచర్ ఉంటే దాన్ని తీసేయాలి, మిగిలిందే వసూలు.

మా సంస్థ ఏడాదికోసారి సర్వే పెడుతుంది, 'నేను ఇక్కడివాణ్ణే అనిపిస్తుంది' అన్న వాక్యానికి ఒకటి నుంచి అయిదు వరకు మార్కు వేయమని. తెలుగులో దానికంటే సులువైన కొలత ఉంది. అప్పటిదాకా ఆయన పేరాలన్నీ "మీ స్లైడ్ 9", "మీ అంచనా" అనే ఉండేవి. ఆ మరుసటి సోమవారం షీటులో రాశారు: "మనం స్లైడ్ 14 తీసేస్తే 15 నిలబడదు." ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే 'వీ'. మేము వేరు, మనం వేరు మనకు.

ఆయన మారాల్సినవి

చోటు ఇస్తే సరిపోదు, ఆయనకూ నేర్చుకోవాల్సింది ఉంది. తొలి నోట్ తొమ్మిది పేజీలు పంపారు. అసలు విషయం తొమ్మిదో పేజీలో. మొదటి వాక్యంలోనే తీర్పు చెప్పాలన్నాను. "తీర్పు ముందే చెప్పేస్తే సాక్ష్యం ఎవరు చదువుతారు మేడం?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. క్లయింట్‌కు అంత తీరిక ఉండదని తప్ప నా దగ్గర జవాబు లేదు.

రోజూ సాయంత్రం ఆరింటికి ఆ రోజు తెలిసిన ఒక్క విషయం మూడు లైన్లలో నాకు మెయిల్ చేయాలని పెట్టుకున్నాం. మొదటి రెండు వారాలు మూడు లైన్లంటే మూడు పేరాలే. నేను కొట్టేసి పంపేదాన్ని. ఆయన కొట్టేసినవాటిలో ఏదో ఒకటి మళ్లీ చేర్చి పంపేవారు. నాలుగో వారంలో వచ్చిన ఒక మెయిల్‌లో కొట్టేయడానికి ఏమీ లేదు. ఆరో వారానికి, నా స్లైడ్‌లో అనవసరమైన వాక్యం ఉందని ఆయన పేరా వేశారు.

తుది సమావేశంలో ఆ భాగం ఆయనే చెప్పారు, తెలుగులో. అధికారులందరూ తెలుగువాళ్లే అయినా అప్పటిదాకా మేం ఇంగ్లిష్‌లోనే ఊదరగొట్టాం, ఎందుకో ఇప్పటికీ తెలియదు. మొదటి అయిదు నిమిషాలు గొంతు వణికింది. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ముగిశాక ఒక సీనియర్ అధికారి అన్నాడు: "ఇది మాకు తెలిసిందేనండీ. మీరు రాస్తారా లేదా అని చూస్తున్నాం." ప్రోత్సాహకాన్ని నగదు వసూళ్లకే కట్టాలని, అడ్జస్ట్‌మెంట్లను విడిగా చూపాలని సిఫార్సు మార్చాం. పని రెండు వారాలు ఆలస్యమైంది.

తప్పిపోయింది

స్లైడ్ 14 చేసిన అమ్మాయి. ఇరవై ఆరేళ్లు, చురుకైన పిల్ల, ఏ మీటింగ్‌లోనైనా ముందు మాట్లాడేది తనే. ఆమె పని ఎగిరిపోయిన రోజు అందరం కొత్త సంగతి దొరికిన ఉత్సాహంలో ఉన్నాం. ఆమెతో ఎవరూ విడిగా కూర్చోలేదు. ఆమె మా టీమ్‌లో హాయిగా ఉందనే నా నమ్మకం, ఎందుకంటే మాట్లాడుతుంది కదా. షీటులో ఆమె పేరాలు ఒక్కటీ లేవని నేను లెక్కపెట్టింది ఆమె వేరే ప్రాజెక్టుకు మార్చమని అడిగాకే. ఆయన మాత్రం ముందే గమనించారట. ఒక రోజు తన దగ్గరికి వెళ్లి, "నీ లెక్క తప్పు కాదమ్మా, వాళ్లిచ్చిన పుస్తకం తప్పు" అన్నారని తర్వాత ఆమే చెప్పింది. ఆ మాట చెప్పాల్సింది నేను. మేనేజర్, కౌన్సెలర్ ఒకరే అయితే జరిగేది ఇదే. ఒకరి మీద కన్ను పెట్టి మిగతావాళ్లను పనితోనే కొలిచాను.

శుక్రవారం కార్యక్రమాన్ని బుధవారం మధ్యాహ్న భోజనంగా మార్చాం. అంత్యాక్షరి పోయింది. దానికి బాధపడినవాళ్లూ ఉన్నారు.

రేటింగ్

ఏప్రిల్‌లో ఆయనకు అయిదుకు మూడు వచ్చింది. నేను నాలుగు అడిగాను. "మొదటి అయిదు నెలల్లో ఏమీ కనిపించలేదు కదా" అన్నారు, అది నిజమే, దానికి కారణం సగం నేను. ఫలితం చెప్పినప్పుడు ఆయన గొడవపడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మీ రేటింగ్ పద్ధతి నాకు ఇంకా అర్థం కాలేదు మేడం" అన్నారు. 'మీ' మళ్లీ వచ్చింది. రెండు మూడు వారాలు ఉండి, పోయింది.

ఇప్పుడాయన ఇద్దరు లాటరల్స్‌కు కౌన్సెలర్. ఒకరు మార్కెట్ యార్డు నుంచి, ఇంకొకరు బీమా సంస్థ నుంచి వచ్చారు. పేరాల షీటు ఇంకో మూడు ప్రాజెక్టుల్లో వాడుతున్నారు, ఒకచోట అది తిట్లపురాణంగా మారి ఆపేశారు కూడా. ఆయన ఇంకా ప్రింట్ తీసే చదువుతారు, నన్ను మేడం అనే పిలుస్తారు. ఆ నియమం గురించి నేను ఆయనకు గుర్తుచేయడం మానేశాను.

సమీక్ష ఫారంలో 'కల్చర్ ఫిట్' అనే గడి ఇంకా ఉంది. మొన్న డిసెంబర్‌లో నాకున్న ఏడుగురికీ దాన్ని ఖాళీగా వదిలేశాను. హెచ్ఆర్ నుంచి ఇప్పటికి రెండు రిమైండర్లు వచ్చాయి.